తప్పులకు గూడ ఒక గడి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకముల మహిమను గూర్చి చెప్పగల పెద్దలు ఈ సభలో నాకు ముందును వెనుకను పలువురు కలరు. కార్యదర్శిగారు మాత్రము, "మీకు తోచిన విషయము చెప్పండి" అని నాకు స్వేచ్ఛ నిచ్చినారు. నాకు తోచిన విషయము, అమెరికా దేశములో కళాశాలల ఆడపిల్లలు ఆడు ఒక బంతియాట. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళ భారత భాగవతములు తిరుగవేయువానికి ఆ ఆటతో నేమి పనియని మీలో కొందరికి నవ్వు రావచ్చును. పని యున్నది. మన ప్రాంతపు పిల్లలు అనేకులు నేడు టెక్సాస్ రాష్ట్రములో కాపురములు పెట్టుకొని యున్నారు. వారి నోట విని, పిదప పత్రికలలో చదివి, తెరమీద చూచి, ఆ ఆటయొక్క 2025వ సంవత్సరపు కథను నేను తెలిసికొంటిని. నన్ను మొదట పట్టినది ఆట కాదు, దాని లెక్క. ఆ లెక్క వ్రాయు పద్ధతిలో మనము నేర్వదగిన నీతి యొకటి యున్నదని నా మనవి.

ఆ ఆట పేరు సాఫ్ట్‌బాల్. 1887 నవంబరు మాసములో షికాగో నగరమున ఒక పడవల క్లబ్బులో కొందరు యువకులు హార్వర్డు, యేలు విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్ పందెపు ఫలితము కొరకు కాచుకొని యున్నారు. ఫలితము తెలియగానే ఉత్సాహము పట్టలేక, ముష్టియుద్ధమున తొడుగు చేతితొడుగును ఉండగా చుట్టి చీపురుకర్రతో కొట్టి ఆడినారు. ఆ అల్లరియే క్రమముగా నియమములు గల క్రీడ యైనది. సాఫ్ట్‌బాల్ అను పేరు 1926లో వచ్చినది. పేరునకు మెత్తని బంతియే గాని, తగిలినచో మెత్తదనమేమియు తెలియదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు; మనమెరిగిన క్రికెట్ బంతికంటె పెద్దది.

ఒక చదరమును మూలమీద నిలిపినట్లు నాలుగు మజిలీలుండును. మజిలీకిని మజిలీకిని నడుమ 60 అడుగుల దూరము. నడుమ నిలిచి బంతి వేయు పిల్లను పిచ్చర్ అందురు. ఆమె 43 అడుగుల దూరమునుండి చేతిని బండిచక్రము వలె ఒక్క సుడి త్రిప్పి నడుము క్రిందుగా బంతి విడుచును. మేటి పిచ్చరు వేసిన బంతి గంటకు 110 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవును. కొట్టు పిల్లకు ఆలోచించుటకు అర సెకను కాలమైనను దొరకదు. ఆమె బంతిని కొట్టి, నాలుగు మజిలీలును చుట్టి బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు. పిచ్చరు నాలుగు బంతులు గురి తప్పి వేసినచో, కొట్టకుండగనే ఆమెకు మొదటి మజిలీ ధర్మముగా దక్కును. ముగ్గురు ఔటైనచో వంతు మారును. అట్టివి ఏడు వంతులు. ఈ ఆటకు గడియారము లేదు. ముందున్న జట్టు కాలము గడిపి తప్పించుకొనుటకు వీలు లేదు; చివరి ఔటు వరకు ఎదుటివారికి అవకాశ మీయక తప్పదు.

ఇక లెక్క. మైదానములోని పెద్ద పలకమీద ప్రతి జట్టు పేరునకు ఎదురుగా మూడు గడులుండును. మొదటిది పరుగులు. రెండవది చక్కగా కొట్టిన దెబ్బలు. మూడవది తప్పులు. చేతికి వచ్చిన బంతిని జారవిడిచినను, పక్కదారిన విసరినను, అది తప్పుగా వేలమంది చూచుచుండగా పలకమీదికి ఎక్కును. నేను ముప్పది సంవత్సరములుగా లెక్కలు చూచుచున్నాను. జమ చూచితిని, ఖర్చు చూచితిని, నిల్వ చూచితిని. తప్పునకు ప్రత్యేకముగా ఒక గడి కట్టి దానిని దాచక చూపించు చిట్టాను మాత్రము మరియెచ్చటను చూడలేదు.

ఇందలి న్యాయము ఇంకను సూక్ష్మమైనది. కాపుపిల్ల తప్పువలన ఎదుటివారికి పరుగు వచ్చినచో, ఆ పరుగును పిచ్చరు ఖాతాలో వ్రాయరు. అది ఆర్జితము కాని పరుగు. అనగా ఒకరి తప్పు మరియొకరి నెత్తిన పడదు. అట్లే, ఒక పిల్ల బంతిని ఆకాశమున కెత్తి కొట్టి తాను ఔటైనను, ఆ సందున మూడవ మజిలీలోని తోటిపిల్ల ఇంటికి చేరినచో, అది ఓటమిగా లెక్కకు రాదు. దానికి వేరొక గడి యున్నది. ఆ గడి పేరు త్యాగము. ఈ మాట విన్ననాడు, ఈ లెక్క వ్రాసినవాడెవరో గాని ధర్మశాస్త్ర మెరిగినవాడే యనుకొంటిని.

ఇట్టి ఆటలోనికి ఆడపిల్లలు ఎట్లు వచ్చినారో చెప్పవలెను. వారు ఆటను వెనుకటినుండి ఆడుచునే యున్నారు. కళాశాలల స్త్రీల జట్లకు 1969లోనే ఒమాహా నగరములో పెద్ద పోటీ జరిగినది. కాని పురుషుల క్రీడలకు దొరకిన ధనము, మైదానము, విద్యార్థివేతనము వారికి దొరకలేదు. 1972 జూన్ 23వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఒక చట్టముపై సంతకము చేసినాడు. అందు తొమ్మిదవ అధికరణము ముఖ్యవాక్యములో 37 మాటలు మాత్రమే యున్నవి. ప్రభుత్వ ధనము పొందు ఏ విద్యాకార్యక్రమమునందును స్త్రీ పురుష భేదము కారణముగా ఎవరిని తొలగింపరాదని దాని తాత్పర్యము. ఆ 37 మాటలలో ఆట యను మాట లేదు, బంతి యను మాట లేదు. అయినను ఆ వాక్యము తరగతిగది తలుపుతోబాటు మైదానపు తలుపును గూడ తెరచినది. 1982 నుండి జాతీయ కళాశాలా క్రీడాసంఘము స్త్రీల సాఫ్ట్‌బాల్ విజేతను నిర్ణయించు పోటీని నడుపుచున్నది. 1990 నుండి రెండు సంవత్సరములు తప్ప తుది పోటీ ఓక్లహోమా నగరములోనే జరిగినది. అందులో 1996లో స్థలము మారినది; 2020లో మహమ్మారివలన పోటీయే జరుగలేదు. నేడచ్చటి క్రీడాస్థలములో పండ్రెండు వేలకు పైబడిన ఆసనములున్నవి.

మన రెవెన్యూ లెక్కలకు ఫసలీ యున్నట్లే ఆ ఆటకును ఒక సంవత్సరమున్నది. ఫిబ్రవరిలో మొదలై జూన్ మొదటి వారములో ముగియును. మే మాసమున 64 జట్లను ఎన్నుకొని, నాలుగేసి చొప్పున 16 చోట్ల ఆడింతురు. గెలిచిన 16 జట్లు రెండేసిగా తలపడును. మిగిలిన ఎనిమిది ఓక్లహోమాకు పోవును. అదియే వారి జమాబందీ. అచ్చట రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి పోవలెను. చివరకు మిగిలిన రెండు జట్లలో మూడింట రెండు ఆటలు గెలిచినది విజేత.

2025లో ఆ జమాబందీకి ముందే పెద్ద ఖాతా యొకటి తలక్రిందులైనది. 64 జట్లలో మొదటి స్థానము పొందిన టెక్సాస్ ఏ అండ్ ఎమ్ జట్టు తన సొంత మైదానములోనే లిబర్టీ విశ్వవిద్యాలయముచేత ఓడి మొదటి అంచెలోనే నిలిచిపోయినది. మొదటి స్థానము పొందిన జట్టు ఆ అంచె దాటలేకపోవుట అంతకుముందెన్నడును లేదు. రెండవ విశేషము ఓక్లహోమా విశ్వవిద్యాలయము. 2021, 2022, 2023, 2024 వరుసగా నాలుగు సంవత్సరములు కిరీటము వారిదే. ఐదవదానికై వచ్చినారు. మూడవ విశేషము టెక్సాస్ విశ్వవిద్యాలయము. ఆస్టిన్ నగరములోని ఆ జట్టు 2022లోను 2024లోను తుది పోటీవరకు వచ్చి, రెండుసార్లును ఓక్లహోమా చేతిలోనే ఓడినది. ఒడ్డునకు వచ్చి రెండుసార్లు మునిగినవారన్నమాట.

నాల్గవ విశేషము టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయము. అది అదే రాష్ట్రపు పశ్చిమభాగమున, పత్తిచేల నడుమనున్న లబ్బక్ పట్టణములోనిది. ఈ తుది ఎనిమిదింటిలోనికి అంతకుముందెన్నడును రానిది. వారి పిచ్చరు పేరు నిజారీ కెనడీ. కాన్సస్ రాష్ట్రమున టొపీకా పట్టణపు పిల్ల. 2024లో స్టాన్‌ఫోర్డులో చదువుచు దేశములోని మేటి క్రీడాకారిణిగా ఎన్నికైనది. ఆ యేటి జులైలో టెక్సాస్ టెక్‌కు మారినది. విద్యార్థి క్రీడాకారులు తమ పేరును రూపమును ఉపయోగించుకొన్నందులకు సొమ్ము పుచ్చుకొనవచ్చునని 2021లో నియమము వచ్చినది. ఆ ప్రకారము అభిమానుల సంఘమొకటి ఆమెకు ఒక సంవత్సరమునకు 10,50,024 డాలర్లు ఇచ్చినట్లు పత్రికలు వ్రాసినవి. లెక్కలవాడను గనుక ఆ చివరి 24 ఏమిటని నేను ఆగితిని. పది లక్షలు ఆమెకు, 50,000 జీవనవ్యయమునకు, 24 డాలర్లు ఆమె చొక్కామీది అంకెకు గుర్తుగానట. చిల్లరకు గూడ అర్థమున్న పద్దు!

ధనము ఇచ్చినవారు ఫలము కోరుదురు. ఓక్లహోమా నగరములో తుది పోటీ మూడవ ఆట వచ్చువరకు టెక్సాస్ టెక్ పక్షమున ప్రతి బంతిని కెనడీయే వేసినది. మిసిసిపీ జట్టుపై 1-0, యూసీఎల్ఏపై 3-1 గెలిచినారు. జూన్ 2న ఓక్లహోమాతో తలపడిరి. చివరి వంతువరకు 2-0తో ముందున్నారు. అప్పుడు ఓక్లహోమా బదులుగా పంపిన ఒక పిల్ల రెండు పరుగుల దెబ్బ కొట్టి సమము చేసినది. నాలుగేండ్ల సామ్రాజ్యము మరల లేచినదనుకొన్నారు. కాని టెక్సాస్ టెక్ తన వంతులో లారెన్ ఆల్రెడ్ బంతిని ఆకాశమునకెత్తి తాను ఔటై, మూడవ మజిలీలోని తోటిపిల్లను ఇంటికి చేర్చినది. 3-2. నాలుగేండ్ల ఏలుబడిని ముగించిన ఆ ఒక్క పరుగు లెక్కలో ఏ గడిలో పడినదో ఇందాకనే మనవి చేసితిని: త్యాగము.

తుది పోటీ టెక్సాస్‌కును టెక్సాస్ టెక్‌కును. జూన్ 4న మొదటి ఆట. ఆరవ వంతున టెక్సాస్ టెక్ 1-0తో ముందున్నది. టెక్సాస్ పిల్లలు ఇద్దరు రెండవ, మూడవ మజిలీలలో నిలిచి యున్నారు. కొట్టుటకు వచ్చినది రీస్ ఆట్‌వుడ్, బలమైన చేయి గల పిల్ల. ఆమెతో తలపడుటకంటె నాలుగు బంతులు కావాలని దూరముగా వేసి మొదటి మజిలీని దానముగా ఇచ్చివేయుట మేలని ఎదుటివారు తలచినారు. మూడు బంతులు దూరముగా పోయినవి. నాల్గవది కొంచెము దగ్గరగా వచ్చినది. ఆట్‌వుడ్ చేయి చాచి దానిని కొట్టినది. బంతి ఎడమవైపు పచ్చికలో పడినది. ఇద్దరును ఇంటికి చేరినారు. 2-1తో టెక్సాస్ గెలిచినది.

భాగవతమున బలిచక్రవర్తి మూడడుగులే గదా యని ధారపోసినాడు. ఆ మూడడుగులే ముల్లోకములైనవి. ఇచ్చట దానమిచ్చువారు ఒక్క మజిలీయే గదా యనుకొన్నారు. కాని నా మనసు దానిమీద నిలువలేదు. ఆట్‌వుడ్ మీద నిలిచినది. దానముగా వచ్చు మజిలీకై ఊరక నిలుచుండిన చాలును. అందరును అట్లే నిలుతురు. ఆమె మాత్రము ఆ ఇచ్చెడు బంతినిగూడ కన్నార్పక చూచుచున్నది. ఆ చూపునకు ఏ చిట్టాలోను గడి లేదు. అది దెబ్బగా మారిన పిదపనే పద్దులోనికి వచ్చినది.

మరునాడు టెక్సాస్ టెక్ 4-3తో గెలిచినది. మరల బంతి కెనడీదే. మూడవ ఆట జూన్ 6న. కౌరవసేన పది దినములు ఒక్క భీష్ముని వింటిని నమ్మి నిలిచినట్లు ఆ జట్టు ఒక్క చేతిని నమ్మి అంతదూరము వచ్చినది. ఆ దినమున ఆ చేయి అలసియున్నది. మొదటి వంతులోనే టెక్సాస్ ఐదు పరుగులు చేసినది. కెనడీని తప్పించి మరియొకరికి బంతి ఇచ్చినారు. నాల్గవ వంతున మూడు మజిలీలును నిండియుండగా మియా స్కాట్ అను పిల్ల బంతిని కంచె దాటించి నాలుగు పరుగులు ఒక్కమారుగా తెచ్చినది. 10-4తో టెక్సాస్ గెలిచి, మొదటిసారిగా కిరీటము ధరించినది. ఆ మియా స్కాట్ మోకాలి కీలక స్నాయువు తెగియుండగనే ఆడినదని తరువాత లోకమునకు తెలిసినది. టెక్సాస్ పిచ్చరు టీగన్ కవాన్ ఓక్లహోమాలో ఒక్క ఆర్జిత పరుగైనను ఇయ్యక ఉత్తమ క్రీడాకారిణి యైనది. ఆమె బంతులమీద ఎదుటివారికి వచ్చిన పరుగులు తోటివారి తప్పులవలన వచ్చినవి. అవి ఆమె ఖాతాలో పడలేదు. న్యాయమైన చిట్టా మనిషికి చేయు మేలు ఇట్టిది.

ఓడిన పిల్లను గూర్చి ఒక మాట. అంత సొమ్ము పుచ్చుకొని ఒక్క వంతులో చేతులెత్తినదని ఆక్షేపింపబోవువారు మూడవ ఆట పద్దు మాత్రమే చూతురు. అంతకుముందరి పుటలు తిరుగవేసినచో, అన్నడును రానిచోటికి ఒక జట్టును తెచ్చిన బంతులన్నియు ఆమెవే. ఓటమి ఆమె పేరనే వ్రాయబడినది. గెలుపులును ఆమె పేరనే వ్రాయబడినవి. రెండింటిని ఒకే సిరాతో వ్రాయు లెక్కయే లెక్క.

విచిత్రమేమన, ఆ మూడవ ఆట జరిగిన జూన్ 6వ తేదీననే కాలిఫోర్నియాలో క్లాడియా విల్కెన్ అను న్యాయాధిపతురాలు మరియొక తీర్పు ఇచ్చినది. దాని ప్రకారము విశ్వవిద్యాలయములే తమ క్రీడాకారులకు నేరుగా సొమ్ము ఈయవచ్చును. మొదటి సంవత్సరమునకు ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో సింహభాగము పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లకే పోవునని పలు విశ్వవిద్యాలయముల ఏర్పాటులు తెలిపినవి. వెనుకటి క్రీడాకారులకు పంచు సొమ్ములోను స్త్రీల పాలు మిక్కిలి తక్కువ యని ఎనమండుగురు క్రీడాకారిణులు కొద్ది దినములలోనే అప్పీలు దాఖలు చేసినారు. ఆ 1972 నాటి 37 మాటలనే ఆధారముగా చూపినారు. చూచితిరా! గడి కట్టుట ఒక ఎత్తు, ఆ గడిలో అంకె పడుట మరియొక ఎత్తు. కెనడీకి వచ్చిన పది లక్షలు చూచి ఆడపిల్లలందరి పద్దు తీరినదని మనము మురియరాదు. ఒక పెద్ద అంకె పేజీ మొత్తమును నింపదు.

సోదరులారా, ఈ దూరదేశపు కథ మన రజతోత్సవములో చెప్పుటకు కారణము చెప్పి ముగించెదను. మన గ్రంథాలయపు చందాదారుల పట్టీని మీరును చూచియుందురు. ఇంటికొక పేరు, ఆ పేరు ఇంటి పెద్దది. పుస్తకము తీసికొనిపోవునది తమ్ముడు కావచ్చును. దానిని రాత్రి పనులు తీరిన పిదప మొదటినుండి తుదివరకు చదువునది పలు ఇండ్లలో ఆ ఇంటి ఆడపిల్ల. ఆమె చదివినట్లు ఏ గడిలోను లేదు. లెక్కలో లేనివారికి బడ్జెటు ఉండదు; వారికి కావలసిన పుస్తకము తెప్పించువారును ఉండరు. రేపు ఎవరైన వచ్చి, ఈ ఊరి ఆడపిల్లలు చదువుదురా యని అడిగినచో, మన పట్టీ చదువరనియే చెప్పును. అది అబద్ధపు సాక్ష్యము.

కనుక కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. ఈ రజతోత్సవ సంవత్సరమునుండి పుస్తకము ఎవరు చదువుదురో వారి సొంత పేరుననే పట్టీలో వ్రాయుదము. తండ్రి పేరో భర్త పేరో పక్కన ఉండుగాక. రెండవది, సాయంకాలము బడి వెనుక ఖాళీస్థలములో మగపిల్లలు క్రికెట్ ఆడుచున్నారు. వారమున రెండు దినములు ఆ స్థలమును ఆడపిల్లలకు విడిచి, ఆ మాట గ్రంథాలయపు గోడమీద వ్రాసి పెట్టుదము. వారు ఏ ఆట యాడుదురో వారి ఇష్టము. బంతి జారవిడుతురు, తప్పు విసరుదురు, ఓడుదురు. ఓడనిండు. తప్పులకు గూడ ఒక గడి యున్నదని వారికి తెలిసిననాడు తప్పు చేయుదుమను భయము పోవును. ఆ భయము పోయినవారే ఇచ్చెడు బంతినైనను కన్నార్పక చూడగలరు.

ఆ క్రొత్త పట్టీకి గీతలు గీయు పని నాకు ఒప్పగించినచో, రేపటి ఆదివారము నాటికి కట్టి తెచ్చి కార్యదర్శిగారి చేతికి ఇత్తును.